సెలెస్తీనో దారి తప్పిన బుధవారం

ఆ కొండల్లో దారి చెప్పే బోర్డు ఒక్కదాన్ని కూడా సెలెస్తీనో చదివిన పాపాన పోలేదు. డెబ్బై ఒక్కేళ్లుగా ఆయన దారి చూసుకునేది ద్రాక్ష ఆకుని బట్టే. అక్టోబరు వచ్చేసరికి డోల్చెట్టో రకం ద్రాక్షతీగ కాయలన్నీ దించేసుకుని, ఆకు ఎర్రబారి నిలబడుతుంది. నెబియోలో రకం అలా కాదు. ఆకు ఇంకా పచ్చగానే ఉంటుంది, గుత్తులు ఇంకా వేలాడుతూనే ఉంటాయి. ఎరుపు అయిపోయి పచ్చ మొదలైన చోట ఎడమకి తిరిగితే భోజనాల ఊరు. ఇంతకంటే తేలికైన లెక్క ఏ పటంలోనూ లేదని ఆయన నమ్మకం.

సైకిళ్ల మీద ఆ కొండలు చూడటానికి వచ్చేవాళ్లకి ముందు తొక్కుతూ దారి చూపించే పని ఆయనది. యాత్రలు నడిపేది అన్న కూతురు నీవెస్. ఆ బుధవారం పొద్దున్న ఆ అమ్మాయి చక్రానికి గాలి కొడుతూ, తలెత్తకుండానే అంది.

"బాబాయ్, ఈ ఏడాది నీ మీద నాలుగు ఫిర్యాదులు. నాలుగింట్లోనూ ఒకటే మాట. కథలు పొడుగు, భోజనం ఆలస్యం."

"మూడే కదే. నాలుగోవాడు నా మీసం బావుందన్నాడు."

"అని, కింద భోజనం సంగతి కూడా రాశాడు. ఇవాళ ఒంటిగంటకల్లా అందరూ ఊళ్లో ఎద్వీజె హోటల్లో బల్ల ముందు కూర్చోవాలి. లేదా, రేపట్నుంచి నువ్వు సామాన్ల వ్యాన్ తోలుకో."

వ్యాన్! అద్దాలు ఎత్తుకుని, వెనకాల పన్నెండు పెట్టెలు వేసుకుని, తారురోడ్డు మీద ఒంటరిగా. పెట్టెలకి కథ చెబితే నవ్వుతాయా, కనీసం అబద్ధమని అరుస్తాయా? సెలెస్తీనో గబగబా సైకిలెక్కాడు.

ఆ రోజు ఐదుగురు వచ్చారు. వాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది రాగ్న్‌హిల్డ్ గారిని. నార్వేలో ముప్ఫై నాలుగేళ్లు పన్నుల ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, ఎవరు ఏం చెప్పినా ముందు అబద్ధమనే అనుకుంటుంది. సైకిలు పిడి మీద దారి చూపే చిన్న పెట్టె బిగించుకుంది. ఆవిడ పక్కన యోస్ట్ అనే హాలండు పళ్లడాక్టరు. వాళ్ల దేశంలో కొండలు లేవు గనక మొదటి ఎత్తు దగ్గరే ఆయన మొహం బీటుదుంపలా అయింది.

"ఇదీ ఒక ఎత్తేనా డాక్టరు గారూ!" అన్నాడు సెలెస్తీనో. "మా అమ్మమ్మ ఊరు చూడాలి మీరు. పై వీధిలో పులుసు తాగుతూ చెంచా జారవిడిస్తే, కింది వీధివాడు దాంతోనే భోజనం ముగించేవాడు. మా అమ్మమ్మ పెళ్లినాటికి ఇంట్లో పన్నెండు చెంచాలు. చచ్చిపోయేనాటికి ఒకటీ లేదు. కింది వీధి వాళ్లకి మాత్రం నూట నలభై."

"లెక్క రాసి ఉందా?" అంది రాగ్న్‌హిల్డ్.

"రాసిన కాయితమూ జారిపోయిందమ్మా."

యోస్ట్ నవ్వాపుకోలేక సైకిలు దిగిపోయాడు. అయినా సెలెస్తీనో చెంచాల దగ్గరే కథ ఆపేశాడు. మామూలు రోజైతే దాని వెనకాల గాడిద, దాని వెనకాల పాద్రీ గారు రావాలి. ఇవాళ ఒంటిగంట ముఖ్యం.

ఎరుపు తోటల పక్కనే తొక్కారు. ఎరుపు అయింది, పచ్చ మొదలైంది. సెలెస్తీనో దర్జాగా ఎడమకి తిరిగాడు. వెనకాల ఐదుగురూ తిరిగారు. దారి కిందికి దిగింది, ఇంకా దిగింది, మట్టిబాటయింది. ఎదురుగా ఊరి గంటగోపురం కనబడాలి. కనబడింది ఒక హేజల్ కాయల తోట.

"నా పెట్టె మనం అసలు దారి మీదే లేమంటోంది," అంది రాగ్న్‌హిల్డ్.

"ఆ పెట్టె చేసేనాటికి ఈ కొండ ఇంకా పుట్టలేదు," అన్నాడు గానీ, మెడ చాచి గోపురం కోసం వెతుకుతూనే ఉన్నాడు. ఇంకో రెండు మలుపులు తిరిగారు. ఎక్కడ చూసినా పచ్చే. టైము పన్నెండూ యాభై.

సెలెస్తీనో సైకిలు దిగాడు. బూట్ల వైపు చూస్తూ అన్నాడు, "అయ్యా, అమ్మా, నేను దారి తప్పాను."

ఆ వెంటనే ఐదుగురూ ఒక్కసారిగా పగలబడి నవ్వారు.

"చెంచాల కంటే ఇది బావుంది!" అన్నాడు యోస్ట్.

"అబ్బే, నిజం. మా అమ్మమ్మ మీద ఒట్టు."

"ఏ అమ్మమ్మ, చెంచాల అమ్మమ్మేనా?" అంది రాగ్న్‌హిల్డ్.

జీవితంలో నిజం చెప్పిన ఆ ఒక్కరోజూ నమ్మేవాడు లేకపోయాడు.

అప్పుడే సాళ్ల మధ్య నించి ఒక టోపీ పైకి లేచింది. దాని కింద రెమీజో. చిన్నప్పుడు బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాడు.

"ఒరే సెలెస్తీనో! నా తోటలో నీకేం పనిరా?"

"నీ తోటా? ఇక్కడింకా ఎర్రటి డోల్చెట్టో ఉండాలి కదరా దొంగా, నా మలుపు దీని తర్వాత కదా! ఏం చేశావు దాన్ని?"

"పీకేశాను. నెబియోలో తీగ పెట్టి నాలుగేళ్లయింది, ఇదే మొదటి కాపు. ఊరంతటికీ తెలుసు. నువ్వెప్పుడూ చెప్పడమే గానీ వినవు కదా!"

పడమటి నించి మబ్బు కమ్ముకొస్తోంది. ఇంకా నాలుగు సాళ్లు కొయ్యాలి. కోసేవాళ్లు రెమీజో, వాడి పెళ్లాం పియెరీన, ఇద్దరే. తడిస్తే గుత్తి కుళ్లుతుంది. కోత రోజుల్లో సాలులోకి అడుగుపెట్టిన మనిషి ముందు కత్తెర పట్టాలి, ఆ తర్వాతే రొట్టె. బిషప్పు గారొచ్చినా అంతే. పియెరీన ఐదుగురి చేతుల్లోనూ ఐదు కత్తెరలు పెట్టేసింది.

రాగ్న్‌హిల్డ్ కత్తెర వంక చూసింది, మబ్బు వంక చూసింది. చేతిగడియారం విప్పి జేబులో వేసుకుంది.

సెలెస్తీనో పియెరీన ఫోను అడుక్కుని నీవెస్‌కి చేశాడు. "రెమీజో తోటలో ఉన్నాం. భోజనానికి రాలేం." "వస్తున్నా," అని నీవెస్ ఫోను పెట్టేసింది.

చివరి బుట్ట కొట్టంలోకి చేరుతుండగా మొదటి చినుకు పడింది. రొట్టె, వెల్లుల్లి వేసిన సాసేజీలు, జున్ను, నిరుటి వైనూ బయటికొచ్చాయి. యోస్ట్ చేతులు మోచేతుల దాకా ఊదారంగు. రాగ్న్‌హిల్డ్ మూడో ముక్క రొట్టె నములుతోంది. అంతలో నీవెస్ వ్యాన్ ఆగింది.

"మీ కార్యక్రమంలో ఇదే అన్నిటికంటే బావుంది," అంది రాగ్న్‌హిల్డ్. "కాయితంలో రాయకపోవడం ఇంకా బావుంది. దారి తప్పినట్టు మీ బాబాయి గారి నటన చూడాల్సిందే!"

నీవెస్ బాబాయి వంక తిరిగింది. సెలెస్తీనోకి తప్పించుకునే దారి తెరిచే ఉంది. ఊఁ అంటే చాలు, సాక్షులు ఐదుగురు.

"నటన కాదమ్మాయ్," అన్నాడు బూట్ల వైపే చూస్తూ. "తప్పిపోయాను. ఆకుని నమ్ముకున్నాను." చెయ్యి చాచాడు. "వ్యాన్ తాళాలియ్యి."

చుట్టూ మళ్లీ నవ్వులు. నీవెస్ నవ్వలేదు. అబద్ధమాడేటప్పుడు బాబాయి సూటిగా కళ్లల్లోకి చూస్తాడని ఆ అమ్మాయికి పుట్టినప్పట్నుంచీ తెలుసు. బూట్లు చూస్తున్నాడంటే నిజమే.

కొట్టం మీద వాన దబదబా పడుతోంది. నీవెస్ ఆ ఐదుగురి మొహాలూ చూసింది, ఊదారంగు చేతులు చూసింది, తాళాలు జేబులో వేసుకుంది.

"వాన తగ్గాక నేరుగా ఎద్వీజె దగ్గరికి పో. ఆవిడ చేసిన సేమ్యా ముద్దయిపోయింది. కాళ్లు పట్టుకుంటావో ఏం చేస్తావో నీ ఇష్టం."

"వ్యాన్‌లోనా?"

"సైకిలు మీద."

మరుసటి వారం కార్యక్రమం కాయితం అచ్చయి వచ్చింది. బుధవారం దగ్గర కొత్త ముక్క చేరింది: 'పదకొండున్నర నించి మూడు దాకా, దారి తప్పుట.'

సెలెస్తీనో దాన్ని ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత సైకిలు తీసి రెమీజో ఇంటికి తొక్కాడు.

"ఒరే, నాకిప్పుడు ఆ మలుపు నోటికొచ్చేసింది. తప్పమన్నా తప్పలేను. మళ్లీ ఎప్పుడు పీకుతున్నావురా?"