బ్యూలా లారీ

శనివారం వచ్చిందంటే కాంతమణి తొమ్మిదింటికల్లా వంట ముగించి, చెల్లెలు బ్యూలాని వెంటబెట్టుకుని అల్వాల్‌లో బస్సెక్కేది. దిగేది కార్ఖానాలో. అక్కడో పాత ఇంట్లో దేవకృప మేడమ్ కౌన్సెలింగ్ చేసేది. అయిదు నెలలుగా ఇదే తంతు.

మందూ లేదు, మాకూ లేదు. యాక్సిడెంట్ అయిన రోజును తలుచుకోమని, మేడమ్ రెండు వేళ్లు కళ్ల ముందు అటూ ఇటూ ఆడించేది. బ్యూలా కళ్లు ఆ వేళ్ల వెంటే తిరిగేవి. అలా తిరుగుతుంటే గోడ పక్కనుంచి లారీ వచ్చేది. వాళ్లమ్మను పొట్టనబెట్టుకున్న లారీయే. మొదటి వారం దూడంత ఉంది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పోయి మాయమయ్యేది. ఊడ్చే రోసమ్మ బకెట్ పక్కకు జరిపి, జెర కాళ్లు మీదికి తీస్కోండ్రి అని, టైర్ల మట్టి తుడిచేది. వారం వారం అది చిక్కిపోయింది. కుక్కంత, పిల్లి అంత, మొన్నటికి అగ్గిపెట్టంత.

బ్యూలా తేరుకుంది. హైటెక్ సిటీలో కాల్ సెంటర్ ఉద్యోగం కూడా కొట్టింది. సోమవారం నుంచి ఇంటి ముందుకే కారు వస్తుందట.

సంతోషించాల్సింది పోయి కాంతమణికి కడుపు మండిపోయింది. మండదా మరి? ఆ రోజు లారీ గుద్దిన ఆటోలో తనూ ఉంది. అయినా ఆదివారం ప్రార్థన విన్నపాల్లో చదివేది బ్యూలా పేరే. హార్లిక్స్ సీసాలు బ్యూలాకే. పాస్టరు అయ్యగారు ఇంటికొస్తే చెయ్యి పెట్టేది బ్యూలా తల మీదే. కాంతమణికేం, గట్టి మనిషి అనేశారు అంతా. రేపు చర్చిలో సాక్ష్యం చెప్పేదీ బ్యూలాయే, అందరూ కళ్లు తుడుచుకునేదీ బ్యూలా కోసమే. ఎంత ఏడుపు మింగితే గట్టి మనిషి అవుతుందో ఒక్కళ్లకైనా తెలుసా?

ఆ ఆఖరి శనివారం బ్యూలా, సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించుకొస్తానని, ఒక్కతే రోడ్డు దాటి పోయింది. అక్క వైపు తిరిగి కూడా చూడలేదు. కాంతమణి ఆ ఉక్రోషంతోనే లోపలికెళ్లి మేడమ్ ముందు కూర్చుంది. చెల్లికి ఇంకా తగ్గలేదు, ఉద్యోగానికి అప్పుడే వద్దని మీరే చెప్పాలి అంది. పచ్చి అబద్ధం.

ఏమవుతోందని మేడమ్ అడిగింది.

"కుక్కర్ విజిల్ వేస్తే నేల మీద కూలబడిపోతోంది మేడమ్. అమ్మ చెయ్యి తన చేతిలోనే ఉన్నట్టు, చల్లబడిపోతున్నట్టు ఉంటుందట. లేచి స్టవ్ కట్టేయడానికి కూడా కాళ్లు రావు."

మేడమ్ కుర్చీలో ముందుకు వంగింది. "కుక్కర్ పెట్టేది బ్యూలానా? వంటంతా మా అక్కే అని నాతో చెప్పింది."

అప్పుడే బయట హారన్ మోగి కిటికీ రెక్కలు అదిరాయి. రోసమ్మ వెళ్లి చూసొచ్చింది. గేటు ముందు లారీ నిలబడి ఉంది, కరెంటు తీగల దాకా. దాని వెనక ఆటోలవాళ్లు గోల పెడుతున్నారు.

"గేట్ల పట్టదు మేడం, చాన పెద్దగుంది. రెండు రెక్కలు తీస్త," అని రోసమ్మ మళ్లీ బయటికి నడిచింది.

లారీకీ గోడకీ మధ్య సందులోంచి బ్యూలా కాగితాలు పట్టుకుని లోపలికొచ్చింది.

"అది నాది కాదక్కా," అంది.

"నీ ఉద్యోగం చెడగొడదామని వచ్చానే," అంది కాంతమణి. "నన్నెవరూ అడగలేదు. ఒక్కళ్లూ అడగలేదు బ్యూలా."

బ్యూలా కాగితాలు బల్ల మీద పెట్టింది. తర్వాత వచ్చి అక్క పక్కన కూర్చుంది.

"నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా. ఆ రోజు నీకేం జరిగిందక్కా?"

మేడమ్ కుర్చీ దగ్గరికి లాక్కుని రెండు వేళ్లు ఎత్తింది. గేటు దగ్గర ఇంజన్ స్టార్టయింది. కాంతమణి కళ్లు మెల్లిగా కుడివైపు కదిలాయి.