వీపు కొలత

మా ఆడపడుచు పాట రేడియోలో రాబోతోందని తెలిసిన రోజు నేనొక గౌనుకు కుడిచెయ్యి ఎడమవైపు, ఎడమచెయ్యి కుడివైపు కుట్టేశాను. విప్పి మళ్లీ కుడుతున్నంతసేపూ నవ్వుకుంటూనే ఉన్నాను. కుట్టుపని నా బతుకు, సంతోషమొస్తే మాత్రం నా చేతులు నా మాట వినవు.

ఆ పాట పుట్టింది నా అల్మరాలోనే. కుట్టి ఇవ్వాల్సిన బట్టలన్నీ అందులో వేలాడుతుంటాయి. గుడ్డల మధ్య పాడితే గది ప్రతిధ్వని మైకులోకి దూరదట. పిల్ల తలుపులు బార్లా తెరిచి, మైకు లోపల పెట్టి, ఎవరివో కోట్ల మధ్యకు తల దూర్చి పాడింది. అంతసేపూ నా మిషను నోరు మూసుకోవాలి, నేనూ మూసుకోవాలి. నాకు రెండోదే కష్టం. అయినా ఆ రోజు గుమ్మం దగ్గర కిక్కురుమనకుండా నిలబడి విన్నాను. రెండో చరణంలో ఆ గొంతు పైకి లేచి, అక్కడే ఒక్క క్షణం ఆగి, మెల్లగా దిగింది. నా ఒళ్లు గగుర్పొడిచింది. చేతిలో కత్తెరుందన్న సంగతే మర్చిపోయాను.

పాట రాసింది తనే, బాణీ కట్టింది తనే, కంప్యూటర్లో వాయిద్యాలు పేర్చింది తనే. ఇన్నాళ్లూ ఎవరెవరి ప్రకటనలకో పేరు లేని సంగీతం చేసిపెట్టింది. ఇప్పుడు రేడియోవాళ్లు ఫోనులో పంపిన పచ్చి పాటముక్క విని, శనివారం పొద్దున కొత్తవాళ్ల కార్యక్రమంలో తన పేరు చెప్పి వేస్తామన్నారు. పూర్తి పాట శుక్రవారం సాయంత్రంలోగా చేరాలి. బాగుంటేనే వేస్తారు, లేదంటే ఆ చోటు ఇంకొకరిది.

మిగిలింది మిక్సింగ్. ఏది ఎంత వినపడాలో తూచి కలపడమన్నమాట. ఆ తర్వాత మాస్టరింగ్, అంటే ఫోనులోనైనా కారులోనైనా పాట ఒకేలా పలికేట్టు ఆఖరి మెరుగు పెట్టడం.

"రెండూ నేనే చేసుకుంటా," అంది.

"ఎవరికైనా ఇవ్వకూడదూ," అన్నారు మా ఆయన.

"వండింది నేనైతే ఉప్పు ఇంకొకరు వేస్తారా అన్నయ్యా? నీకెప్పుడూ పొరుగింటి పుల్లకూరే రుచి."

"పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గరే ఉన్నవాళ్లకి వాసన తెలీదు," అన్నాను నేను. "ఇంతమందికి కుడతాను కదా, నా వీపు కొలత నేను తీసుకోగలనా చెప్పు. టేపు పట్టుకోడానికి నువ్వు కావాలా వద్దా?"

"పాటకి వీపుండదు వదినా."

నాకు చిర్రెత్తుకొచ్చింది. కానీ నిజం చెప్పొద్దూ, వారమంతా ఆ పిల్ల పని చూస్తే ముచ్చటేసింది. సోమవారం డబ్బా కొట్టినట్టున్న డ్రమ్ములు బుధవారానికి గుండెల మీద తట్టడం మొదలుపెట్టాయి. గిటారు ఒక చెవిలోంచి ఇంకో చెవిలోకి నడిచొచ్చింది. మా ఆయన కాలు కదుపుతూ గడ్డం గీసుకుని చెంప కోసుకున్నారు. ఇల్లంతా హుషారే.

ఒక్కటే తేడా కొట్టింది. రోజురోజుకీ గొంతు లోపలికి పోతోంది.

"నీ గొంతేదే?" అన్నాను గురువారం.

"ఉందిగా. ప్రతి మాటా వినిపిస్తోంది."

"రాసిందానివి, నీకు వినిపించక ఏం చేస్తుంది? నాకు వినపడట్లేదు."

తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. పైగా ఈ పిల్లకొక జబ్బుంది. ఎవరైనా తన గొంతున్న వీడియో పెడితే చటుక్కున సౌండు తగ్గించేస్తుంది, లేదా గది దాటి పోతుంది. ఇంట్లో ఫోటో తీస్తే ఎవరో ఒకరి భుజం వెనక సగం మొహమే ఉంటుంది. ఆ సంగతీ ఈ సంగతీ ఒకటేనని నాకు తట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మెరుగు కూడా తనే పెట్టి వినిపించింది. అన్నీ గట్టిగా మోగుతున్నాయి, గొంతు మాత్రం ఎక్కడో పక్కింట్లో పాడుతున్నట్టుంది. వినిపించి, కుర్చీలో కూలబడింది.

"బాగుందో లేదో కూడా తెలీట్లేదు వదినా. విని విని చెవులు మొద్దుబారిపోయాయి."

మిషను ఆపేశాను. లాప్‌టాప్ చంకన పెట్టుకుని, ఇంకో చేత్తో పిల్ల రెక్క పట్టుకుని వెనకవీధిలో చెవులావిడ దగ్గరికి లాక్కుపోయాను. మాస్టరింగ్ ఆవిడ వృత్తి, చెవులావిడ అన్న పేరు నేను పెట్టుకున్నది. ఆవిడ గది గోడలకు వేలాడే దళసరి తెరలు కుట్టింది నేనే, అదే చనువు.

ఆవిడ కళ్లు మూసుకుని పాట మొత్తం వింది.

"మిక్సింగ్ ఎవరు చేశారు?"

"నేనే."

"పాడింది?"

"నేనే."

"అదీ సంగతి," అంది ఆవిడ. "డ్రమ్ములు నేనైతే ఇంత బాగా కలిపేదాన్ని కాదమ్మాయ్. కానీ ఆ పాడినమ్మాయి మీద నీకేదో కోపముంది. తీసుకెళ్లి మూల దాచేశావు. నేనెంత మెరుగు పెట్టినా దాచింది దాచినట్టే ఉంటుంది."

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా గొంతు నాకు నచ్చదు మేడమ్. గరుగ్గా ఉంటుంది."

"మరెవరికి నచ్చుతుంది?"

నేను బళ్లో పిల్లలాగా చెయ్యెత్తాను.

"అయితే ఈవిడ కూర్చోవాలి. నువ్వు గోడవైపు తిరుగు," అంది చెవులావిడ. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నా వేలి కింద ఒక చిన్న మీట పెట్టింది. అది పైకి జరిపితే గొంతు పెరుగుతుంది, అంతే.

పాట మొదలైంది. వెంట్రుకవాసి జరిపాను, ఇంకాస్త జరిపాను. రెండో చరణం వచ్చింది. గొంతు పైకి లేచి, ఆగి, దిగింది. మళ్లీ నా ఒళ్లంతా ఝల్లుమంది.

"ఇక్కడ," అన్నాను.

"అంతా నేనే వినిపిస్తున్నాను వదినా," అంది పిల్ల గోడకేసి చూస్తూనే.

"వినిపించడానికే కదే పాడావు."

ఉన్నట్టుండి అది ఇటు తిరిగింది. "అలాగైతే గిటారు పక్కకి జరగాలి. డ్రమ్ములూ కాస్త చోటివ్వాలి. లే వదినా, లే." నన్ను కుర్చీలోంచి దాదాపు తోసేసింది. దాని వేళ్లు ఆడుతుంటే ఆ గొంతు చుట్టూ పాట కొత్తగా సర్దుకుంది. గొంతు మీట జోలికి మాత్రం పోలేదు. ఆ తర్వాతి పని చెవులావిడ చేసింది. సాయంత్రానికి ముందే పాట వెళ్లిపోయింది, నేను రోడ్డు మీదే నాలుగడుగులు గెంతాను.

శనివారం పొద్దున రేడియో నా మిషను మీద పెట్టుకుని చుట్టూ చేరాం. పిల్ల మాత్రం గుమ్మంలో నిలబడింది, పారిపోవడానికి వీలుగా. పేరు చదివారు. మా ఆయన నా చెయ్యి నలిపేశారు. పాట మొదలైంది, గొంతు గదంతా నిండింది.

అది విసవిసా వచ్చి రేడియో మీద చెయ్యి వేసింది. తగ్గించబోతోందని లేచి పట్టుకోబోయాను. ఈలోగా అది సౌండు పెంచేసింది, గుండీ ఇంక తిరగనంతవరకూ పెంచేసింది.

పాటయ్యాక చేతి వెనకభాగంతో కళ్లు తుడుచుకుంది.

"గొంతు ఇంకొంచెం పెంచి ఉండాల్సింది వదినా," అంది.