పుస్తకంలో ఇరవై మూడోది

రాజ్యం మొదటి దొంతర దగ్గర మొదలుపెట్టి ఏడో దొంతర దాకా నడుస్తుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలోని ఆ ప్రెస్సులో, పొడవాటి రేకు బల్ల వెంట, పందొమ్మిదేళ్లుగా ఆమె నడక ఇంతే. పదహారు పేజీలు అచ్చయిన పెద్ద కాగితాన్ని మడిస్తే ఒక ఫారం. ఏడు ఫారాలు కలిస్తే ఒక పుస్తకం. ఫారాలన్నీ బల్ల మీద బోర్లా ఉంటాయి. కుడిచేత్తో ఒక్కొక్కటి లాగి ఎడమ అరచేతి మీద పేర్చుకుంటూ పోవాలి. మనిషి పొట్టి, ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. చూపుడువేలికి సైకిల్ ట్యూబు ముక్క తొడుక్కున్నా ఆ వేలి గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. ఆధార్ కార్డు కోసం వేలిముద్ర పడక మూడుసార్లు తిరిగి వచ్చింది.

ఆమెకు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంకెలైతే పరుగే. కూతురు హిమజ బడినుంచి కొత్త పుస్తకం తెచ్చినప్పుడల్లా రాజ్యం ముందు కుట్టు చూసేది, తర్వాత పేజీల వరుస చూసేది. ఆరో తరగతి సోషల్‌లో ఒక ఫారం లేదని కనిపెట్టి, పుస్తకం పట్టుకుని తానే బడికి వెళ్లింది. ఆ రోజు టీచరమ్మ కుర్చీ వేసి కూర్చోబెట్టిన సంగతి ప్రెస్సులో ఇప్పటికీ చెబుతూనే ఉంటుంది.

అచ్చయిన మాట మీద ఆమెకు అంత గురి. అందుకే హిమజకు ఐసెట్‌లో మంచి ర్యాంకు వచ్చి, ఎంసీఏ ఎక్కడ చేరాలన్న మాట వచ్చినప్పుడు, రాజ్యం ఇంకో ఆలోచన పెట్టుకోలేదు. ఒక చదువుల పత్రిక మంచి కాలేజీలను ఒకటి నుంచి వంద దాకా వరుసపెట్టి వేసిన ప్రత్యేక సంచిక ఈ బల్ల మీదే తయారైంది.

"గా బుక్కుల ఉన్న లెక్కనే పెట్టాలె. గంతమంది సదువుకున్నోల్లు కూసొని రాసింది తప్పయితదా?" అంది.

హిమజ ఆ సంచికను ఒకసారి తిరగేసి పక్కన పెట్టింది. రాజ్యం భర్త హనుమాండ్లు మౌలాలి గూడ్స్ షెడ్డులో హమాలీ. "మీ తల్లీబిడ్డలు ఎట్లంటే అట్ల" అని బువ్వ ముందు కూర్చున్నాడు. చివరికి హిమజే పన్నెండు కాలేజీల పేర్లు పన్నెండు చీటీల మీద రాసి, పక్కన పుస్తకంలోని నంబరు వేసి ఇచ్చింది. రాజ్యం వాటిని నంబర్ల ప్రకారం పేర్చి, ప్రెస్సు దారంతో కట్టి, సోమవారం పనికి వస్తూ ఉప్పల్‌లో నెట్ సెంటర్ నడిపే తిరుపతికి ఇచ్చి వచ్చింది. అతను వాటిని కౌన్సెలింగ్ ఆప్షన్లుగా కంప్యూటర్లో ఎక్కించాడు. మూడో నంబరు కాలేజీ చీటీ అన్నిటికంటే ముందు. ఆ కాలేజీలోనే తన బిడ్డ చేరబోతోందని బల్ల దగ్గర అందరికీ చెప్పేసింది కూడా.

ఈరోజు బుధవారం. ఆప్షన్లు మార్చుకోవడానికి సాయంత్రం అయిదింటి దాకే గడువు. రాజ్యానికి ఆ గడువుతో పనేమీ లేదు. పని ముగించేసిన మనిషి కదా.

మధ్యాహ్నం అన్నాల తర్వాత, కుట్టు మిషను దగ్గర కొత్తగా చేరిన ఉప్పలమ్మ ఒక కట్ట పట్టుకుని వచ్చింది.

"అక్కా, ఇది ఉల్టా ఎత్తినవు. ఏడోది మీదికొచ్చింది సూడు."

"ఉల్టా గాదే పిల్లా. బోర్లా ఎత్తుతం గద, ఒకటోది అడుగుకే ఉంటది. కట్ట మొత్తం ఒక్కపాలి తిప్పి పెట్టుకోవాలె. మీదికెల్లి ఒక్కొక్కటి తీస్తే ఏడోదే ముందుగాల వస్తది..."

చెబుతూ చెబుతూ రాజ్యం ఆగిపోయింది. చీటీలు కూడా అలాగే పేర్చింది. మూడో నంబరు అడుగున బోర్లా పెట్టి, దాని మీద మిగతావి బోర్లా. పందొమ్మిదేళ్ల చేతులకు ఇంకోలా రాదు. తిరుపతి ప్రెస్సు మనిషా, కట్ట మొత్తం తిప్పడానికి? దారం విప్పి, పైనున్న చీటీ తీసి తిప్పి చూసుకుంటాడు, ఎక్కిస్తాడు. తర్వాత రెండోది. అంటే అన్నిటికంటే ముందు ఎక్కింది ఎనభై ఎనిమిదో నంబరు కాలేజీ. ఊరవతల రేకుల షెడ్డులో నడుస్తుందని హిమజే చెప్పి నవ్విన కాలేజీ. బిడ్డకు వచ్చిన ర్యాంకుకు ముందు ఏది పెడితే అదే ఇచ్చేస్తారు.

వేలికున్న ట్యూబు ముక్క లాగి బల్ల మీద పడేసింది. సూపర్‌వైజర్ రామ్మోహనరావు దగ్గరకు వెళ్లి, "సారు, నేను పోవాలె" అంది. ఎందుకని అతను అడగలేదు. పని మధ్యలో ఆమె ఆ మాట అనడం అతనెప్పుడూ వినలేదు.

షేర్ ఆటో ఉప్పల్ చేరేసరికి నాలుగు దాటింది. మెట్రో కోసం తవ్విన రోడ్డంతా బురద. బండి కదలకపోతే దిగి, చెప్పులు చేతపట్టుకుని నడిచింది. దారి పొడుగునా తనను తాను తిట్టుకుంది. బిడ్డ మూడేళ్లు చదివి తెచ్చుకున్న ర్యాంకును ఒక్క చేతి అలవాటుతో బురదలో కలిపేసిన తల్లి ఇంకెవరైనా ఉంటారా?

నెట్ సెంటర్ మెట్లెక్కి, "తిరుపతీ, చీటీలు ఉల్టా అయినయి బిడ్డా, మార్చు, జల్ది మార్చు" అంది. అంతలోనే ఏడుపు వచ్చింది.

తిరుపతి లేచి స్టూలు జరిపాడు. "కూసో అక్కా, జర నీళ్లు తాగు. ఫికర్ జెయ్యకు. హిమజ నిన్ననే వచ్చి సూసుకున్నది. 'మా అమ్మ బైండింగ్ లెక్క ఎత్తిందన్నా' అని ఒక్కటే నవ్వుడు. అన్నీ మార్చింది."

రాజ్యం గ్లాసు నీళ్లు గటగటా తాగింది. ఇంకో గ్లాసు అడిగింది. గుండెల మీదనుంచి కాగితం రీము ఎవరో దించినట్టయింది. కొంగుతో ముఖం తుడుచుకుని, కాస్త తేరుకున్నాక గాని అసలు ప్రశ్న గుర్తురాలేదు.

"అయితే బుక్కుల ఉన్నట్టే పెట్టింది గద?"

తిరుపతి మెడ గోక్కున్నాడు. "బుక్కులున్నట్టు గాదక్కా. వరంగల్ కాలేజీ ఫస్టు పెట్టింది. బుక్కుల ఇరవై మూడోది. నేను గూడ అడిగిన. 'నేనన్నీ తిరిగి సూసొచ్చినన్నా' అన్నది. నీకు జెప్పొద్దన్నది, బుక్కంటే నీకు పానమని."

కోపం వస్తుందనుకుంది రాజ్యం. రాలేదు. ప్రెస్సులో ఏం చెప్పుకోవాలా అని ఒక్క నిమిషం అనిపించింది, అంతే. రెండు రోజులుగా తన చేతుల్లోనే ఉందనుకున్న బిడ్డ బతుకు తన చేతుల్లో లేదు. అది బిడ్డ చేతుల్లోనే ఉంది, పైగా భద్రంగా ఉంది. ఎంత హాయిగా ఉందో ఆమెకు. దారిలో మిర్చి బజ్జీలు కట్టించుకుని, చిలకానగర్ ఇంటికి నడిచే వెళ్లింది. హిమజ తలుపు తీసి తల్లి బురద కాళ్లు చూసి అంతా అర్థం చేసుకుంది. ఇద్దరూ గడప మీద కూర్చుని, బజ్జీలు తింటూ, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

అనుకున్నట్టే వరంగల్ వచ్చింది. మూడు వారాలకు ఒక ఆదివారం ఉప్పల్ రింగు రోడ్డులో తల్లీ తండ్రీ హిమజను బస్సెక్కించారు. హనుమాండ్లు పెట్టెను పైకి అందించాడు. "వచ్చే నెల రా అమ్మా" అంది హిమజ కిటికీలోంచి. రాజ్యం తలూపింది గాని మనసులో బెదురే. ఒకసారి కోఠిలో బస్సు మారబోయి వేరే బస్సెక్కి, చీకటి పడేదాకా ఏడ్చుకుంటూ తిరిగినప్పటినుంచి తెలిసిన దారిలో తప్ప ఆమె ఒంటరిగా ఎక్కడికీ పోలేదు. బస్సు మెల్లగా కదిలి, లారీల వెనకాల కనబడకుండా పోయింది.

ఇంటికొచ్చి రాజ్యం బిడ్డ పక్కబట్టలు దులుపుతుంటే దిండు గలీబులోంచి రబ్బరు బ్యాండు వేసిన బస్సు టికెట్లు పడ్డాయి. ఒక్కో టికెట్ వెనక పెన్సిలుతో ఒక్కో కాలేజీ సంగతి. సార్లు క్లాసుకు రారట. కంప్యూటర్లు పాతవి. హాస్టల్లో నీళ్లు లేవు. మూడో నంబరు కాలేజీ మీద 'బిల్డింగు మస్తుగుంది, లోపట ఏం లేదు' అని ఉంది. రాజ్యం కిటికీ వెలుగులో కూర్చుని ఒక్కొక్కటీ కూడబలుక్కుంది. అన్నిటికంటే కింద ఉన్నదాన్ని, ఇరవై మూడోదాన్ని, రెండుసార్లు చదివింది.

'ల్యాబు మంచిగుంది. సార్లు మంచోల్లు. ఉప్పల్‌ల ఎక్కితే బస్సు కాలేజి గేటు ముంగట్నే ఆగుతది. మారుడు లేదు. అమ్మ ఒక్కతే రావొచ్చు.'

టికెట్ ముందువైపు మిషను అచ్చు వెలిసిపోయి ఊరి పేరు కూడా ఆనవాలు దొరకడం లేదు, వెనకవైపు పెన్సిల్ అక్షరాలు మాత్రం నల్లగా, వేలితో తడిమితే తగిలేటట్టు, గట్టిగా రాసి ఉన్నాయి.