కచ్చా కుట్లు

పొద్దున్నంతా నేల మీద మోకాళ్లు అరగదీసుకుని బొంతకు కచ్చా కుట్లు వేశాను. కింద గుడ్డ, నడుమ దూది, పైన నేను అతికిన రంగు ముక్కలు. అసలు కుట్టు పూర్తయ్యేదాకా ఆ మూడు పొరలూ జరగకుండా పట్టి ఉంచేవి ఈ కుట్లే.

దారం కొనుక్కొచ్చేసరికి మా ఆయన కత్తెర పట్టుకుని ఘనకార్యం చేసినవాడిలా కూర్చున్నాడు. నా కుట్ల దారాలన్నీ పక్కన కుప్పగా ఉన్నాయి. దూది ఒక మూలకు ముద్దగా చేరింది.

"వంకరటింకరగా ఉన్నాయని ఊడదీశాను. నీకు సాయంగా ఉంటుందని!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను సర్దిన బీరువా అయినా, మడిచిన దుప్పటి అయినా, ఈయన చెయ్యి పడితే గానీ కుదరదు!

"మిమ్మల్ని ఎవరడిగారు?"

"అడగాలా ఏంటి? చూస్తే తెలియట్లేదూ?"

"అయితే రండి, అంచు పట్టుకుని కూర్చోండి."

కూర్చుని, సూది ఎలా దించాలో నాకే పాఠం మొదలుపెట్టాడు. దూది మళ్లీ సర్ది, పళ్లు బిగించి కుట్టుకుంటూ పోయాను. అంచు వచ్చినా ఆగలేదు. ఆయన చొక్కా కొసను కూడా బొంతకు కలిపి గట్టిగా కుట్టేశాను.

లేవబోయి ఆగిపోయాడు. "ఇదేంటే! ఊడదియ్యి!"

"ఇవి కచ్చా కుట్లు కావు," అన్నాను, కత్తెర తీసుకుని వీధిలోకి నడుస్తూ.