ఏడో సూది

మా మరిది భార్య నాకంటే పదేళ్లు చిన్నది. తోడికోడలే అయినా చెల్లీ అనే పిలుస్తాను. దాని పొత్తికడుపు మీద ఆపరేషన్ కోత మానిన చోట మచ్చ పెరిగింది. మానిపోయి ఊరుకోకుండా ఎర్రగా, గట్టిగా వేలెడు లావున ఉబ్బింది. కీలాయిడ్ అన్నారు. ఆ కోతలోంచి తీసిన పాప రెండు రోజులే బతికింది. మచ్చ మాత్రం ఏడాదిపాటు పెరుగుతూ వచ్చింది.

మూడు వారాలకోసారి ఆసుపత్రికి నేనే వెంట వెళ్తాను. డాక్టరమ్మ రెండు మందులు ఒకే సిరంజిలోకి తీసి ఊపుతుంది. ఒకటి ఉబ్బు తగ్గించేది, రెండోది మచ్చను ఇక పెరగనివ్వనిది. మొదట్లో ఆ గట్టిదనంలోకి మందు దిగేదే కాదు. నెట్టి నెట్టి డాక్టరమ్మ బొటనవేలు తెల్లబడేది. చెల్లి నా మణికట్టు నలిపేసేది.

"నా చెయ్యి ఊడబీకి ఇంటికి పట్టుకుపోతావేంటే?" అనేదాన్ని, నవ్వుతుందేమోనని.

సూదికి ముందు ప్రతిసారీ నర్సు ఒకటే అడుగుతుంది: "నెల తప్పలేదు కదమ్మా?" కడుపుతో ఉంటే ఆ రెండో మందు వేయకూడదు. వైద్యం సాగినన్నాళ్లూ, తర్వాత కొన్ని నెలలూ బిడ్డ మాట తలపెట్టవద్దని మొదటి రోజే చెప్పారు. అది ఇంట్లో నేనే చెప్పాను. అప్పటిదాకా "మళ్లీ ఓ బిడ్డను ఎత్తుకుంటే అన్నీ అదే మర్చిపోతుంది" అని రోజూ అనే అత్తయ్య, "సరే, వైద్యం అయ్యాకే" అని ఊరుకున్నారు. తల్లి మాట కాదనలేని మరిదీ తలూపాడు. ఆ పూట చెల్లి చాలాకాలానికి మారు అన్నం పెట్టించుకుంది.

ఏడోసారి డాక్టరమ్మ మచ్చను వేలితో తడిమి, చిన్న స్కేలు పెట్టి చూసింది.

"భలే అణిగిందమ్మా! చర్మంతో సమానమైపోయింది. ఇక ఆపేద్దాం."

చెల్లి పైకప్పు వంక చూస్తూ, "ఇంకా దురదగా ఉంది డాక్టర్‌గారూ," అంది.

"ఎక్కువగానా?"

"చాలా."

ఇంతకుముందైతే వంటింట్లో గరిటె కాడతో బట్ట మీదనుంచే గోక్కునేది. "దాన్ని మళ్లీ గిన్నెలో పెట్టావంటే చూడు!" అని నేను కసిరేదాన్ని. నెల రోజులుగా దాని చెయ్యి అటు పోవడం ఒక్కసారీ చూడలేదు.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "మీరు చెప్పండి, ఇంట్లో గోక్కుంటోందా? అక్కర్లేకుండా పొడిస్తే చర్మం పల్చబడి గుంట పడుతుంది."

చెల్లి నన్ను చూడలేదు. నా మణికట్టు పట్టుకుంది. అప్పటికింకా సూది బయటికి తీయనే లేదు.

"గోక్కుంటోందండీ," అన్నాను. "చూడలేకపోతున్నాం."

డాక్టరమ్మ మా ఇద్దరినీ కాసేపు చూసింది. "సరే, కొంచెమే వేస్తాను. ఇదే ఆఖరు."

మందు నీళ్లలా దిగిపోయింది. ఆరుసార్లూ "అమ్మా" అని అరిచిన మనిషి ఈసారి నోరు మెదపలేదు. కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. "అంత నొప్పేసిందామ్మా?" అంటూ నర్సు దూది అందించింది.

బస్సు కోసం నిలబడ్డాం.

"నీకెప్పుడు తెలిసిందక్కా?"

"నువ్వు గరిటె జోలికి పోవడం మానేసినప్పుడే."

బస్సు వచ్చే వైపు చూస్తూ అంది: "పాపకి నా ముక్కే వచ్చింది. నువ్వు చూశావుగా."

"చూశానే."

"ఇంకొకరు పుడితే, వాళ్లే మొదటివాళ్లన్నట్టు ఉంటారు అందరూ."

దాని సంచీ అందుకున్నాను.

అత్తయ్య గుమ్మంలోనే ఉన్నారు. "అయిపోయినట్టేనా? ఏమన్నారు?"

"ఇంకా కొన్నాళ్లు పడుతుందట అత్తయ్యా," అన్నాను చెప్పులు విప్పుతూ.

"ఇంకానా? తగ్గిందన్నారుగా మొన్న!"

చెల్లి వంటింట్లోకి వెళ్లి గరిటె తెచ్చుకుంది. అత్తయ్య చూస్తుండగా, ఇందాక సూది దిగిన చోట, పళ్లు బిగపట్టి గోక్కోవడం మొదలుపెట్టింది.