ఇద్దరికీ ఒకటే ఊపిరి

ఆ ఇంట్లో తల్లీకూతుళ్ళకి కలిపి ఒకటే ఊపిరి. వీధిలో అందరికీ తెలిసిన సంగతే కనుక దాని గురించి ఎవరూ చెప్పుకునేవాళ్ళు కాదు. తల్లి పరుపులు కుట్టేది. ముందుగదిలో దూది మధ్య నోటికి గుడ్డ కట్టుకుని కూర్చుందంటే వెలుతురు పోయేదాకా సూది దించేది కాదు. కూతురు కాలేజీలో మెట్లెక్కితే ఇక్కడ తల్లికి ఆయాసం వచ్చేది. "మా పిల్ల మూడో అంతస్తుకి చేరింది," అని బేరానికి వచ్చినవాళ్ళకి చెప్పి కాసేపు గోడకి చేరగిలబడేది. వాళ్ళూ తొందరపెట్టకుండా ఆగేవాళ్ళు.

ఊహ తెలిసినప్పటినుంచీ కూతురు విన్న మాట ఒకటే. "నువ్వు పీలిస్తేనే నాకు ఊపిరి. నువ్వు బిగబట్టావంటే నేను పోయినట్టే." అందుకని ఆ పిల్ల ఎప్పుడూ నీళ్ళలో మునిగే ఆటలాడలేదు. పొగ తాగేవాళ్ళ పక్కన నిలబడలేదు. వెక్కిళ్ళొస్తాయని ఏడుపు కూడా దిగమింగుకునేది. కన్నతల్లి ప్రాణాన్ని ముక్కులో పెట్టుకుని తిరగడమంటే మాటలా? ఒక్కోసారి ఒళ్ళు మండిపోయేది.

చదువు దగ్గరికి వచ్చేసరికి తల్లి పట్టుబట్టి శ్వాస చికిత్స కోర్సులో చేర్పించింది. అమ్మ కోసం కదా అని కూతురు పళ్ళు కొరుక్కుంటూ చేరింది. అక్కడ పాఠం చెప్పేవాడికి పిల్లలు పెట్టిన పేరు గాలి మాస్టారు. ఒకరోజు అందరిచేతా గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల బలం చూపించాడు. కూతురు ఊదితే యంత్రం అరవయ్యేళ్ళ మనిషి లెక్క చూపించింది. మాస్టారు దాన్ని రెండు చరుపులు చరిచి, "దీనికి ముసలితనం వచ్చిందర్రా," అన్నాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది.

ఆమె మనసంతా సాయంత్రం క్లాసు మీదే. రష్యన్ భాష, సంస్కృతి అని దాని పేరు. పట్టుమని పదిమంది లేరు. అదనంగా ఏదో ఒకటి తీసుకోవాలంటే తీసుకుంది, తీసుకున్నాక వదల్లేకపోయింది. పాఠం చెప్పే మేడమ్ రష్యావాళ్ళ కథలు చెప్పేది, రోజుల తరబడి సాగే రైళ్ళలో టీ తాగుతూ వాళ్ళు చెప్పుకునే కబుర్లు చెప్పేది, బారెడు వాక్యాల్ని ఆగకుండా చదివించేది. "ఎక్కడా ఊపిరి తెగదే నీకు," అని మెచ్చుకునేది. ఊపిరి తన ఇష్టానికి వాడుకోవడం కూతురికి అదే మొదలు. ఇంటికొచ్చి కూడా గొంతెత్తి చదివేది. తల్లి దగ్గుతూనే, "ఇంకొంచెం చదువు, బాగుంది," అనేది.

"నీకేం అర్థమవుతుందమ్మా?"

"అర్థమెందుకు? నీ మొహం చూస్తే చాలదూ?"

ఏడాది చివర మేడమ్ తిరిగి తిరిగి, దూరపు పట్నంలో రష్యన్ డిగ్రీకి సీటు ఇప్పించింది. కూతురు కాళ్ళు నేల మీద నిలవలేదు, కానీ ఆ సంతోషం ఇంటి గుమ్మం దాకానే. అంత దూరం నుంచి తన ఊపిరి అమ్మకి అందుతుందా? అందకపోతే?

ఆ వారమే గాలి మాస్టారు, ఊపిరి అందించే యంత్రం మీదున్న రోగిని దాన్నుంచి ఎలా తప్పించాలో చెప్పాడు. "ఎన్నాళ్ళని మోస్తారు? కాసేపు సాయం ఆపి ఛాతీ చూస్తూ కూర్చోండి. సొంతంగా లేచిందా, వదిలేయొచ్చు. లేవలేదా, వెంటనే అందుకోండి. ఆపి చూస్తే తప్ప తెలియదు."

సెలవురోజు మధ్యాహ్నం తల్లి దూది పక్కనే నడుం వాల్చింది. కూతురు ఎదురుగా పీట వేసుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఊపిరి బిగబట్టింది.

తల్లి ఛాతీ లేచింది, దిగింది, మళ్ళీ లేచింది. హమ్మయ్య, ఇక వెళ్ళొచ్చు. ఆ వెనకే కోపం ముంచుకొచ్చింది. మరి ఇన్నేళ్ళూ నన్నెందుకు కట్టిపడేశావని లేపి అడగబోయింది. అప్పుడు తట్టింది, తను ఇంకా ఊపిరి తీసుకోలేదు. తీసుకోవాలని కూడా అనిపించడం లేదు. ముక్కు, నోరు మూసుకుని వీధి చివరిదాకా నడిచి వచ్చింది. మురుగు కంపు కాబోలనుకున్నారు చూసినవాళ్ళు. కళ్ళు తిరగలేదు, గుండె దడ లేదు. ఇంట్లో తల్లి మాత్రం లేచి కూర్చుని రొప్పుతోంది.

"నేను నీకివ్వడం లేదు. నువ్వే నాకిస్తున్నావు," అంది కూతురు.

తల్లి సూదిలో దారం ఎక్కించుకుంది. "పుట్టగానే నువ్వు ఊపిరి అందుకోలేదు. డాక్టరమ్మ పెదవి విరిచింది. నాకున్నదే చెరిసగం అనుకున్నాను."

"మరి తిప్పి ఎందుకు చెప్పావు?"

"నీ ప్రాణమంటే నువ్వు లెక్కచేస్తావా? వయసులో ఎవరు చేస్తారు? నా ప్రాణమన్నాను కాబట్టి పదిలంగా ఉన్నావు."

కూతురు గదినిండా ఎగురుతున్న దూది నలుసులు చూసింది. రోజూ అమ్మ వాటిని పీలుస్తూ ఇచ్చిన ఊపిరితోనే తను ఆ బారెడు వాక్యాలన్నీ చదివింది. తనకి అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు, తన మీద తనకి.

"సీటొచ్చిందన్నావుగా, వెళ్ళు," అంది తల్లి. "ఎంత దూరమైనా అందుతుంది. ఉన్నన్నాళ్ళు ఇస్తాను."

"నువ్వు పోయాక?"

"అందుకే కదే ఆ చదువులో వేసింది. ఆ మిషన్లు నాకేం తెలుసు? నీకు నువ్వే పెట్టుకోవడం నేర్చుకుంటావని."

మర్నాడు కూతురు రష్యన్ క్లాసుకి వెళ్ళి సీటు వద్దంది. మేడమ్ నమ్మలేదు. ఇంట్లో ఒప్పుకోలేదా అంది, భయపడ్డావా అంది, చివరికి కోపంతో, "కారణమైనా చెప్పి పో," అంది.

అది చాలా పొడుగు కారణం, చెప్పాలంటే చాలా ఊపిరి కావాలి. ఆ వేళకి తల్లి పెద్ద పరుపు ముందేసుకుని కూర్చుని ఉంటుంది. కూతురు తల అడ్డంగా ఊపి, మెల్లగా మెట్లు దిగింది.