పండుగకు ముందు కోసిన కాయ

మామిడికాయ కోసింది నేను. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా లెక్చరర్ వెంకటరామారావు గారు ఆ తప్పును హెల్గా మెడకు చుట్టాలని చూశారు.

ఎనభై నాలుగు ఎండాకాలం. హెల్గా ఏడాది చదువుకని జర్మనీ నుంచి మా యూనివర్సిటీకి వచ్చింది. అడవి పంటల గురించి రాసుకోవడానికి దుమ్ముగూడెం దగ్గరి కోయగూడెంలో జంపక్క ఇంట్లో దిగాం. హెల్గా ఇంగ్లీషును తెలుగులో చెప్పడం నా పని. ఖమ్మం పిల్లను, నాకు తెలియనిదేముంటుందని నా ధీమా.

"ఎవరినైనా అడుగుదామా?" అంది హెల్గా చెట్టు కింద.

"కాయకు కూడా అడగాలా?" అని కోసి, సగం ఆమెకిచ్చి సగం నేను కొరికాను.

పండుగ చేసి వేల్పుకు పెట్టనిదే ఆ ఊళ్లో కొత్త మామిడికాయ ఎవరూ నోట పెట్టరు. మేం తినడం ఎవరో చూశారు. మర్నాటి నుంచి మాతో ఒక్కరూ మాట్లాడలేదు. హెల్గా పుస్తకం ఖాళీగా ఉండిపోయింది.

సంగతి తెలిసి మూడోరోజు సార్ జీపులో దిగారు. ఊరిపెద్ద పగిడయ్య ఇంటి ముందు అందరూ కూర్చున్నారు.

"ఆ పిల్లే కోసిందని చెప్పు," అన్నారు సార్ నా చెవిలో. "ఆమెను వెనక్కి పంపేద్దాం. మన పేరు చెడకూడదు."

నాకు ఒళ్లు మండింది. హెల్గా నా మొహమే చూస్తోంది. అక్కడ ఆమెకున్న నోరు నేనొక్కదాన్నే.

"కోసింది నేనే," అన్నాను అందరికీ వినపడేలా. "ఆమె అడుగుదామన్నది. నేనే అక్కర్లేదన్న."

సార్ మొహం మాడిపోయింది. "జీపెక్కు. ఎక్కకపోతే రేపటి నుంచి నీకీ పని లేదు."

"లేకపోతే మానె సార్. నేను రాను."

పగిడయ్య తాపీగా అన్నాడు. "కోడి తేవాలె. పండుగ దాక ఊళ్లెనే ఉండి పని చెయ్యాలె. ఇద్దరు."

"ఉంటం," అన్నాను.

జీపు వెళ్లిపోయాక జంపక్క మంచినీళ్లు తెచ్చింది. ఆ మూడు రోజుల్లో మొదటిసారి.

"నాకు గూడ తెల్వదు గదా జంపక్కా," అన్నాను. ఇంకా నా ఉక్రోషం తగ్గలేదు.

"ఆమెకు తెల్వదని ఆమెకు ఎరికే. అందుకే అడుగుదామన్నది. నువ్వు తెల్వకుండనే తెలిసినట్టు కోసినవ్."

నాకు సిగ్గేసింది. "పండుగ ఎన్నడు?" అని అడిగాను.

హెల్గా పుస్తకం తెరిచింది. జంపక్క అటు చూసింది.

"గా పుస్తకం మూయమను. ముందుగాల పని నేర్వుండ్రి, తర్వాత రాసుకుందురు."

ఒక్క మాట మెత్తబరచకుండా హెల్గాకు చెప్పాను. ఆమె పుస్తకం మూసి చీపురు అందుకుంది.